బతికున్న బహద్దర్‌కు గద్దె

మొన్న కామారెడ్డిలో బ్యాంకు పని చూసుకొని వస్తుంటే, పశువుల దవాఖాన అరుగు మీద ఒకాయన కుక్కను ఒళ్లో పెట్టుకొని కూర్చొని కనిపించాడు. దాని వెనక కాలికి తెల్లటి కట్టు. నాకంటే ఇరవై ఏండ్లు చిన్నవాడేమో, మీసాలాయన, మంచి బట్టల్లో ఉన్నాడు. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ముక్కు తుడుచుకుంటూ, బిస్కెట్టు తుంచి దాని నోటి దగ్గర పెడుతున్నాడు. అది తినడం లేదు. నేను చూసి వచ్చేశాను. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. ఎల్లారెడ్డిలో మా పెదబాపు గుర్తుకు వచ్చాడు. ఆయన గుర్తుకు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

పెదబాపు అంటే మా నాయనకు అన్న. జర్మనీతో యుద్ధం మొదలైన రోజులవి. నాయన అంతకు ముందే పోవడం వల్ల నేను పెదబాపు ఇంట్లోనే పెరిగాను. ఆయనకు భూములున్నాయి, ఉర్దూ రాదు. నాకు ఉర్దూ వచ్చు, భూముల్లేవు. అందుకని సర్కారుకు పోయే కాగితాలన్నీ ఆయన చెబితే నేను రాసేవాణ్ని. మనిషి నిలువెత్తు, మీసం జానెడు. ఎండాకాలంలో కూడా షేర్వాణీ విప్పేవాడు కాదు, ఎవరి ముందు ఎంత వంగాలో మాత్రం కొలత తప్పేవాడు కాదు. గోడకు ఒక తుపాకి వేలాడుతుండేది. దసరా నాడు దాన్ని తుడిచి బొట్టు పెట్టేవాళ్లు. అంతకు మించి దానికి ఎన్నడూ పని పడలేదు. ఇక బహద్దర్ అనే కుక్క. అది విలాయతి జాతిదని, ఏదో నవాబుగారి కుక్కకు పుట్టిన పిల్ల అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. గొర్ల మంద దగ్గర బుట్టెడు జొన్నలిచ్చి దాన్ని తెచ్చింది పెద్దమ్మ. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయన ముందు ఎవరికీ తెలియదు.

కామారెడ్డి నుంచి ఒక అధికారి అడవిపందుల వేటకు వచ్చాడు. నాకు కొలువు ఇప్పించే పని ఆయన చేతిలోనే ఉంది కాబట్టి నేనూ వెంట పోయాను. ఇంటికి కూతవేటు దూరంలోని జొన్నచేను గట్టు దగ్గర పంది బయటికి రాగానే పెదబాపు "ఉస్కో!" అని కుక్కను మీదికి తోలి, తాను మద్దిచెట్టు ఎక్కాడు. ఆ షేర్వాణీతో అంత వేగంగా ఎలా ఎక్కాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. బహద్దర్ పందిని నిలవరించింది, పంది దాని డొక్క చీల్చింది. అధికారి వెంట వచ్చిన సిపాయి పేల్చిన గుండుకు పంది పడింది. పెదబాపు చెట్టు దిగి, ఇరవై అడుగుల దూరం నుంచే కుక్కను చూసి "ఖతం" అన్నాడు. నెత్తురు షేర్వాణీకి అంటుతుందని దగ్గరికి పోలేదు. అధికారి చాలా బాధపడి, మోటారెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే పెదబాపు ఆ అధికారికి నాతో ఉత్తరం రాయించాడు. హుజూర్ ప్రాణం కాపాడటానికి నా కుక్క ప్రాణమిచ్చింది, పంది చెవి పట్టి ఆఖరి శ్వాస దాకా విడవలేదు, మీరు వెళ్లాక నేను దాని తల ఒళ్లో పెట్టుకొని నీళ్లు పోశాను అని. ఒళ్లో పెట్టుకున్నాడట! నేను నవ్వు ఆపుకొని రాశాను. ఊరికే రాయడం కాదు, కొలువు ఆశతో 'షహీద్', అంటే అమరవీరుడు, అనే మాట నేనే సొంతంగా చేర్చాను. తెల్లవారగానే ఉత్తరం కామారెడ్డి పోయే మోటారు బస్సులో పోయింది.

పొద్దెక్కాక, కళేబరాన్ని నక్కలు పీకుతాయని పెద్దమ్మ బండి పంపింది. మధ్యాహ్నానికి బండి వచ్చింది. బండిలో కుక్క ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉంది. పెద్దమ్మ దాన్ని కొట్టంలో గోనెసంచి మీద పడుకోబెట్టి, మోట తొండాలు కుట్టే ముసలాయనను పిలిపించింది. బావిలో నీళ్లు తోడే తోలుసంచులు కుట్టడమే ఆయన పని. కాచిన నీళ్లలో సూది ముంచి, తోలు కుట్టే దారంతోనే డొక్క కుట్టాడు. విరిగిన ముందు కాలికి వెదురుబద్దలు కట్టాడు. "తోలు తోలే గదమ్మ. కుట్టుడు నా వంతు, బతుకుడు దాని వంతు" అని పోయాడు. నాలుగో రోజు పుండుకు పురుగులు పట్టాయి. పెద్దమ్మ సీతాఫలం ఆకు నూరి పెట్టింది. జొన్నరవ్వ గట్క పలుచగా కలిపి వేలితో నాకించింది. జ్వరంతో అది వణుకుతుంటే తన గొంగడి కప్పి, పక్కనే కూర్చొని తిట్టేది. ఆమె ముద్దు కూడా తిట్టే. "తినురా సచ్చినోడా! పందికి ఎదురు పొమ్మని ఎవడన్న జెప్తే పోవుడేనా? జెప్పినోడు యాడున్నడో సూడకపోతివి?" పెదబాపు వినేటంత గట్టిగా అనేది. ఆయనతో నేరుగా మాట్లాడటం ఆమె ఎప్పుడో మానేసింది. ఆరో రోజు అది తలెత్తి ఆమె చెయ్యి నాకింది. ఆమె మొహం అటు తిప్పుకొని కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంట్లో కుక్క బతికిందని సంతోషించనివాడు ఒక్కడే.

"సర్కారుకు కాయిదం పోయింది," అన్నాడు నాతో. "గది సచ్చిందని రాసినం. ఇప్పుడు బతికితే కాయిదం అబద్ధమైతది గద? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"బతికిందని ఇంకొకటి రాస్తే అయిపాయె గద, పెదబాపు," అన్నాను.

"పిచ్చోడా! రాసిన కాయిదం మీద మల్ల కాయిదం రాస్తరా? నీ నౌకరి సుత గా కాయిదంలనే ఉన్నది, యాదికుంచుకో."

కాగితాన్ని మార్చడం కంటే కుక్కను మార్చడం సులువు ఆయనకు. పైగా అధికారి నుంచి జవాబు వచ్చింది, అంతటి జీవానికి గుర్తుగా ఏదైనా కట్టించండి, నేను వచ్చి చూస్తాను అని. పెదబాపు చేను గట్టు మీద మట్టితో సమాధి గద్దె కట్టించి సున్నం కొట్టించాడు. లోపల ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానికి రోజూ బంతిపూలు పెట్టించాడు. ఇక కుక్కకు ఇంత మందు పెట్టి వదిలించుకుందామని జీతగాడితో అంటుండగా పెద్దమ్మ విన్నది. ఆ రోజు నుంచి కొట్టం తాళంచెవి నడుముకు కట్టుకుంది, గట్క తాను కలిపి తప్ప పెట్టలేదు. "ఇన్నవారా, నువ్వు సచ్చినవట. నీకు గద్దె సుత కట్టిన్రు. నువ్వు మొండోనివి, ఇంకా తింటనే ఉన్నవు," అనేది దానితో.

అధికారి వచ్చిన రోజు చేను దగ్గర అందరం నిలబడ్డాం. ఆయన టోపీ తీసి ఆ మట్టికుప్ప ముందు తల వంచాడు. మంచి మనిషి, కళ్లు చెమర్చాయి కూడా. పెదబాపు గొంతు పెంచి వేట కథ తెలుగులో మొదలుపెట్టాడు, నేను ఉర్దూలోకి మారుస్తున్నాను. ఆ గొంతు ఇంటి దాకా వినిపించింది. గట్క పెట్టడానికి పెద్దమ్మ తలుపు తీసిందేమో, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ, డొక్క మీద నల్లటి కుట్లతో బహద్దర్ వచ్చింది. ఎవరినీ చూడలేదు. నేరుగా పెదబాపు బూట్ల దగ్గరికి పోయి, వాటి మీద తల పెట్టి పడుకొని తోక ఊపింది.

"హఠ్! ఇది ఏదో ఊరకుక్క హుజూర్," అని ఆయన కాలు విదిలించాడు.

అధికారి కుట్లు చూశాడు. పెదబాపు వైపు కాదు, నా వైపు తిరిగాడు. ఉర్దూలో మెల్లగా అడిగాడు, "ఉత్తరం నీ చేతిరాతే కదా. నిజం చెప్పు, ఇది అదేనా?"

కుక్క కూడా నా వైపు చూసింది. దాని చెవుల వెనక గోకడం నాకు అలవాటు.

"కాదు హుజూర్, వేరేది," అన్నాను.

పెదబాపు సైగ చేస్తే జీతగాళ్లు రాళ్లు అందుకున్నారు. మొదటి రాయి తగిలినా అది లేవలేదు, యజమాని దగ్గరే ఉన్నాను కదా అనుకుందేమో. అప్పుడు పెద్దమ్మ వచ్చింది. పరాయి మగవాళ్ల ముందుకు ఎన్నడూ రాని మనిషి, చేనుకు అడ్డంగా నడిచి వచ్చి కుక్కను రెండు చేతులా ఎత్తుకుంది. "పారా ఇంటికి. ఈడ నీ మనుషులెవ్వరు లేరు," అంది. అంటూ నన్ను చూసింది. పెదబాపును చూడలేదు.

నాకు కొలువు దొరికింది. బహద్దర్ ఆ కుంటికాలుతోనే ఇంకా కొన్నేండ్లు బతికింది. నేను సెలవుకు ఎల్లారెడ్డి పోయినప్పుడల్లా ఎదురొచ్చి కాళ్లు నాకేది, ఏమీ జరగనట్టే. పెద్దమ్మ అన్నం పెట్టేది, మాట మాత్రం కలిపేది కాదు. పెదబాపు పిరికివాడని, అబద్ధాలకోరని నేను పిల్లలకు ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాను. చెట్టెక్కిన ముచ్చట దగ్గరే ప్రతిసారీ ఆపేశాను. ఆ పొలంలో 'కాదు' అనడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. అన్నానని చెప్పుకోవడానికి ఒక జీవితకాలం పట్టింది.