గ్లాసు మీద పేరు, కత్తి మీద పేరు

పొద్దున గిన్నెలు కడుగుతుంటే బొటనవేలికి నా పేరు తగిలింది. స్టీలు గ్లాసు అంచు కింద ‘లక్ష్మి’ అని కొట్టిన అక్షరాలు. ప్రతి గీతా చివరికొచ్చేసరికి చిన్న కొక్కెంలా కుడివైపుకు మళ్లుతుంది. అది వేలికి తగిలితే చాలు, ఇన్నేళ్ల తర్వాత కూడా గుండె ఝల్లుమంటుంది.

ఆ పేరు కొట్టింది ఖాదర్ చిచ్చా. నిజామాబాద్ ఆయన. గల్ఫ్‌లో, అల్ మన్సూరాలో మా ఎదురు ఫ్లాటు. కప్పులూ షీల్డులూ అమ్మే దుకాణంలో పేర్లు చెక్కే పని. మా బిల్డింగులో తెలుగువాళ్ల గిన్నెల మీద పేర్లన్నీ ఆయన చేతివే. అందరూ కరెంటు పెన్నుతో గీకేస్తుంటే ఆయన మాత్రం చిన్న ఉలీ సుత్తీ పట్టుకుని టిక్కు టిక్కుమని కొట్టేవాడు. “పేరంటే ఉత్తగనే అయితదా?” అనేవాడు.

జపాన్ కత్తుల పిచ్చి నాకు పట్టించింది కూడా ఆయనే. నేను చదివింది ఐదో తరగతి. శుక్రవారం పాత సామాన్ల అంగడికి పోయి తాళాలూ, అడకత్తెరలూ ఏరుకొచ్చేదాన్ని. అవి చూసి చిచ్చా ఓ రోజు తన పెట్టెలోంచి పాత కత్తి ఒకటి తీశాడు. వెదురు మేకు తట్టి పిడి ఊడదీశాడు. లోపల దాగి ఉన్న ఇనుప తోక మీద బొమ్మల్లాంటి అక్షరాలు! కత్తి చేసినవాడు తన పేరు అక్కడ చెక్కుకుంటాడట, ఎవరికీ కనపడని చోట. తుప్పు తుడిచి సరిగ్గా చూద్దామని కొంగు తీశానో లేదో, ఒక్క అరుపు అరిచాడు.

“హాయ్ అల్లా! తుడువకు బిడ్డా! గా తుప్పే దాని వయసు. మనోళ్లు చింతపండు వెట్టి తోముతరు, తళతళ మెరిపిచ్చి కత్తి పానం దీస్తరు.”

“మరి ఏం చూడాలి చిచ్చా?”

“ముందుగాల ఇనుము సూడు. పేరు ఆఖర్ల సూడు. గీత లోపలి తుప్పు, బయటి తుప్పు ఒక్క తీరుండాలె. లేకుంటె పేరు తర్వాత చెక్కిర్రన్నట్టు. ఇగ గీత యాడ ఆగిందో సూడు. చెయ్యి ఎంత మంచిగ నకలు జేసినా, ఉలి లేపెటప్పుడు దాని అలవాటు బయటపడ్తది.”

కత్తులు చేయడంలో పేరుమోసిన ఉస్తాద్‌ల అక్షరాలను కాగితం మీద రుద్ది తీసిన అచ్చులు ఆయన దగ్గర ఉండేవి. ముందు పెట్టి ఏది ఎవరిదో చెప్పమనేవాడు. తప్పు చెబితే మా ఇంటికి వినపడేలా “ఇయ్యాల లక్ష్మికి చాయ్ మాఫీ!” అని కేకేసేవాడు. మాఫీ అంటే అక్కడి భాషలో ‘లేదు’ అని. తప్పులు తగ్గడానికి చాలా కాలమే పట్టింది.

చివరికి నేనూ ఒకటి కొన్నాను. మూరెడు కత్తి, గొప్ప ఉస్తాద్ పేరున్నది. కుట్టుపనితో కూడబెట్టుకున్నదంతా దాని మీదే పెట్టాను. “ఏమే, దీంతో వంకాయలు కోస్తావా?” అని మా ఆయన నవ్వుతున్నా వినకుండా చిచ్చా దగ్గరికి పరుగెత్తాను. ఆయన పిడి తీసి ఒక్కసారి చూశాడు. నా చేతికే తిరిగి ఇచ్చాడు.

“అసలుదేనా చిచ్చా?”

“నేర్పిన గద. నువ్వే చెప్పు.”

కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇనుము బాగుంది, చాలా పాతది. కానీ గీతల లోపల తుప్పు ఎర్రగా, పలచగా ఉంది. బయట నల్లగా ఉంది. నా కష్టమంతా నీళ్లపాలయిందనుకున్నాను. అప్పుడు గీతల చివరలు చూశాను. కుడివైపుకు కొక్కెం. ఇంకో గీత. మళ్లీ కొక్కెం. వాళ్లింట్లో ఆయన చేత్తో పేరు కొట్టిన స్టీలు గ్లాసు తీసి పక్కన పెట్టి చూశాను. అదే కొక్కెం.

“చిచ్చా...” అన్నాను. రెండింటినీ ఆయన ముందు పెట్టాను.

“గుర్తువట్టినవ్,” అన్నాడాయన తల వంచుకుని. “గల్ఫ్‌కొచ్చిన కొత్తల ఒక సేఠ్ కాడ పనిజేసిన. పేరు లేని పాత కత్తులు తెచ్చి పెద్ద ఉస్తాద్‌ల పేర్లు కొట్టుమనేటోడు. కొట్టిన. ఎన్ని కొట్టిన్నో యాదికి లేదు.”

“నకిలీదని ఒక్క మాట అంటే పోయేది కదా! ఎవరు చెక్కారో నాకెలా తెలిసేది?”

“కన్ను నేనే నేర్పి, నా కాడికొచ్చినంక మూసుకొమ్మంటనా బిడ్డా?”

చాలా రోజులు ఆయన గడప తొక్కలేదు. ఒక సాయంత్రం ఆయనే ఆకురాయి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. “తే, గా పేరు అరగదీస్త.”

“అరగదీస్తే చేసినవాడి పేరు వస్తుందా చిచ్చా?”

ఆయన కత్తి వైపు చూశాడు. “ఎవలో గాని మస్తు జేసిండు,” అన్నాడు మెల్లగా. ఆకురాయి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ ఇస్తే తాగి వెళ్లాడు.

చిచ్చా ఇప్పుడు లేడు. కత్తి మా గోడకే ఉంది. చూడటానికి ఎవరొచ్చినా, అడగకముందే చెప్పేస్తాను: ఇనుము నిజం, పేరు అబద్ధం. కొనాలని వచ్చినవాళ్లు మొహం మాడ్చుకుని లేస్తారు. ఆ అబద్ధం చెక్కింది ఎవరని కొందరు అడుగుతారు. వాళ్లకు ఈ గ్లాసులోనే చాయ్ పోసిస్తాను. పేరు మీద వేలు పెట్టుకునే తాగుతారు, ఒక్కరూ గుర్తుపట్టరు. వాళ్లకు చిచ్చా నేర్పలేదు కదా.