కోట్లు చూసి డాన్స్ ఎంచిన టీచరమ్మ

మా డాన్స్ టీచరమ్మ మొన్న కన్నుమూశారు. ఆ మాట జర్మనీలోని మా వోల్ఫ్స్‌బర్గ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను. వెంటనే నలుగురు నవ్వు బొమ్మలు పంపారు. "అన్నా, ఇయ్యాల ఎవరిని ఏడిపిస్తున్నవ్?" అని ఒకడు. నా నోటికి ఊళ్లో ఉన్న పేరు అది. ఒట్టేసి రాస్తేగాని నమ్మలేదు.

నేనిక్కడ హోటల్లో వంటవాణ్ని. పదో తరగతి దాటలేదు. ఒక్క సంగతి మాత్రం నా బుర్రను తొలిచేసేది. ఆదివారం మధ్యాహ్నాలు డాన్స్ హాల్లో టీచరమ్మ పెట్టేవన్నీ మూడు దెబ్బల పాటలే. వాళ్లు వాల్ట్జ్ అంటారు, నాకైతే తకిట, తకిట. అదే తకిటకు మాస్టర్స్ చదివే పిల్లలకు జతలు మార్చుకుంటూ గిరగిరా తిరిగే పల్లె డాన్స్ ఇచ్చేవారు. జర్మన్ ముసలమ్మలకు చేతులు పట్టుకుని నెమ్మదిగా సాగే వలయం. పదిమందిలో నడుము పట్టుకోవాలంటే చెమటలు పట్టే మన ఐటీ దంపతులకు, వేళ్లు మాత్రం తగిలించుకుని పక్కపక్కన నడిచేది. ఎవరినీ ఏమీ అడగరు. అయినా ఎంపిక ఎప్పుడూ గురి తప్పదు. ఎలా?

ఒకరోజు పునుగులు లంచం పెట్టి అడిగాను.

"కోట్లు విప్పేటప్పుడు చూస్తాను," అన్నారు నములుతూ. "తమది విసిరేసేవాళ్లు తిరగగలరు. పక్కవాళ్లది కూడా కొక్కేనికి తగిలించేవాళ్లు వలయంలో కుదురుతారు. విప్పనివాళ్లు ఇంకా రానట్టే."

విప్పని మనిషి నా భార్యే. మంచు మీద జారి కాలు విరిగింది. కట్టు తీసినా భయం వదల్లేదు. ఇంట్లోనూ గోడ పట్టుకునే నడక. హాలుకు లాక్కొస్తే మెడదాకా బొత్తాలతో మూడు వారాలు కుర్చీలోనే. ఇక నేను ఆగలేక, "నీ కోటు మీద బల్లి!" అని అరిచాను. ఈ చలి దేశంలో బల్లెక్కడిది? పాపం, గబగబా విప్పేసింది.

టీచరమ్మ వచ్చి ఆ కోటు మళ్లీ ఆమెకే తొడిగారు. "నువ్వు విప్పించింది లెక్కలోకి రాదు," అన్నారు నాతో.

తర్వాతి వారం మా ఆవిడ తనంతట తానే పై బొత్తాలు రెండు విప్పింది. రెండే. టీచరమ్మకు అవి చాలు. తకిటలో మొదటి దెబ్బకే అడుగు, మిగతా రెంటికీ నిలబడి ఊగడమే ఉండే డాన్స్ ఎంచారు. మా ఆవిడకు ఒక పక్క టీచరమ్మ, ఇంకో పక్క నేను. నేను మా ఆవిడ పాదాలే చూస్తూ పక్కామె కాలు తొక్కాను.

"నా కాళ్లేం సూస్తవ్? నీయి సూస్కోరాదు!" అంది మా ఆవిడ.

టీచరమ్మకు తెలుగు రాదు, అయినా సంగతి తెలిసిపోయింది. నన్ను వలయంలోంచి పీకి కుర్చీ చూపించారు. నాకు అంత సరిగ్గా కుదిరిన చోటు ఈ దేశంలో మరెవరూ చూపించలేదు.

మొదటి చుట్టులో మా ఆవిడ నన్ను చూసి బెదిరింది. రెండో చుట్టులో తిట్టింది. మూడో చుట్టులో నన్ను చూడనే లేదు.