అవ్వ కడియాలు తీసిన ఆదివారం

అవ్వకు చెవులు పూర్తిగా మందగించిన ఏడు నేను కల్వకుర్తిలో పదో తరగతి చదువుతున్నాను. చెవికి మిషన్ పెట్టాలని దవాఖానలో చెప్పారు. బట్టలు కుట్టే మా బాపుకు ఆ ధర ఒక్కసారిగా అందేది కాదు.

"బుధవారం, ఆదివారం ఇంట్లకెళ్లి ఒక్క రూపాయి బయటికి పోవద్దు. గట్లనే కూడబెడదాం," అంది అమ్మ.

అవ్వకు చెబితే వద్దంటుందని చెప్పలేదు.

ఆ రెండు రోజులూ పాలు లేవు, ఆదివారం మాంసం లేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పెరట్లో మునగాకు. నాకూ చెల్లికీ అదొక ఆటలా ఉండేది. కష్టమంతా బాపుదే. హోటల్ చాయ్ పడనిదే ఆయన సూదిలోకి దారం ఎక్కేది కాదు.

"దోస్తు తాపితే తాగొచ్చా?" అని ఆశగా అడిగాడు.

"రేపు నువ్వు తాపాలె గద. గదీ ఖర్చే."

దాంతో ఆయన హోటల్ ముందు నుంచి పోవడం మానేసి, వెనక గల్లీ చుట్టి దుకాణానికి పోయేవాడు.

అవ్వకు మా మాటలు వినపడవు. కళ్లతోనే అన్నీ పోల్చుకుంది. పాలు రాలేదు, మాంసం తేలేదు, కొడుకు చాయ్‌కి పోలేదు. ఇల్లు ఆగమైందనుకుంది. ఎవరితో ఏమీ అనకుండా పొద్దున్నే చేన్ల వైపు పోయి, కొంగు నిండా దొగ్గలికూర తెంపుకొచ్చింది. మేం ఎగబడి తిన్నాం. పాపం, అది చూసి ఆమె బెంగ ఇంకా పెరిగింది.

మూడో ఆదివారం మధ్యాహ్నం బాపు అన్నానికి వచ్చేసరికి, అవ్వ కాళ్లకు సబ్బు నురగ పూసుకుని గడపలో కూర్చుంది. పెళ్లినాటి వెండి కడియం ఒకటి ఊడింది. రెండోది మడమ దగ్గర ఇరుక్కుంది.

"ఫికర్ జెయ్యకు కొడుకా. గివి అమ్ము. పిల్లలకు పాలు తే," అంది.

బాపు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మాకేం తక్కువ గాలేదమ్మా! నీ మిషన్ కోసం!" అని అరిచాడు.

"కుట్టు మిషన్ ఖరాబైందా?"

"చెవి! చెవి మిషన్!"

నలుగురం చెవులు పట్టుకుని అరుస్తుంటే, పక్కింటి ఖాలా గోడ మీంచి చూసి, తానూ చెవి పట్టుకుని "చెవి!" అని కేకేసింది. అర్థమయ్యాక అవ్వ ముందు మమ్మల్ని తిట్టింది. "ముసల్దానికి గింత ఖర్చు ఎందుకురా!" తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని కడియం మళ్లీ ఎక్కించాడు. దానికి ఇంకో సగం సబ్బు అయిపోయింది.

దసరా పోయాక మిషన్ వచ్చింది. పెట్టగానే అవ్వ ఉలిక్కిపడింది.

"ఓ యమ్మా, ఇంట్ల గింత లొల్లి చేస్తరా మీరు?"

ఆ రోజంతా ఆమె దాన్ని తీయలేదు. కుక్కర్ కూత, పావురాల గునుగుడు, దూరంగా శ్రీశైలం బస్సు హారన్. మాకెవరికీ వినపడనట్టు, ఒక్కొక్కటీ మమ్మల్ని పిలిచి చెప్పింది.