మావయ్య విప్పని గమ్ము ప్యాకెట్టు

నా చిన్నప్పుడు మా మావయ్య చంద్రుడి మీద నడిచిన మనిషిని ముక్కలు ముక్కలుగా కూడబెట్టేవాడు. నవ్వకండి, నిజంగా అదే జరిగింది. ఆయన మా అమ్మకి అన్నయ్య. పద్మనాభం దగ్గర పొలం పని వదిలి విశాఖ పోర్టులో చేరి, ఓడల్లోంచి సరుకు దించే వించి నడిపేవాడు. అందరం పోర్టు క్వార్టర్స్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి ఇనుపరాయి ధూళితో ఎర్రబడిపోయే ఇల్లు అది.

విదేశీ ఓడల నావికులకి మావయ్య కొబ్బరిబొండాలు పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. వాళ్ళు ఊరుకోక బబుల్ గమ్ము ప్యాకెట్లు చేతిలో పెట్టేవారు. పైన మైనం కాగితం, లోపల గులాబిరంగు గమ్ము బిళ్ళ, దానికి ఆనుకుని ఒక బొమ్మ కార్డు. గమ్ము నాది, కార్డు ఆయనది. కార్డుకి ఒకవైపు రాకెట్టో గ్రహమో ఉండేది. రెండోవైపు పెద్ద బొమ్మలోని ఒక ముక్క. నాలుగేసి చొప్పున నాలుగు వరసలు పేరిస్తే చంద్రుడి మీద నిలబడ్డ మనిషి తయారవుతాడు.

ఆదివారం భోజనాలయ్యాక మావయ్య చేతులు తడి లేకుండా తుడుచుకుని, అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించేవాడు. గచ్చు మీద కార్డులు ఒక్కొక్కటే బోర్లిస్తుంటే నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ముందు బూట్లు, తర్వాత కాళ్ళు, చేతులు, వెనకాల నల్లటి ఆకాశం. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాని మావయ్యా, తగరపువలస సంత దాటి ఎరగని నేనూ చంద్రమండలం అంచున గొంతుక్కూచున్నట్టు ఉండేది. కానీ మా దగ్గరున్నవి పదిహేను కార్డులే. పదహారోది ఆ మనిషి ముఖం. అది ఉండాల్సిన చోట మా ఇంటి గచ్చు కనిపించేది.

డబ్బాలో విప్పని ప్యాకెట్టు ఒకటుండేది. అలాంటివి తెచ్చే ఓడ ఆఖరిసారి వచ్చినప్పుడు నావికులు ఇచ్చినది. ఆ తర్వాత ఆ ఓడ మళ్ళీ రాలేదు. అందులో ముఖం ఉండొచ్చు, లేకపోనూవచ్చు. విప్పమని నేను ప్రాణం తోడేసేదాన్ని. మావయ్య మాత్రం దాన్ని చెవి దగ్గర ఆడించి, ఎండిపోయిన గమ్ము చప్పుడు విని, నవ్వుకుని మళ్ళీ లోపల పెట్టేసేవాడు.

ఒకరోజు ఆయన డ్యూటీకెళ్ళాక, అమ్మ బజారుకెళ్ళింది. ముక్కాలిపీట ఎక్కి డబ్బా దించాను. పిన్నీసు మొనతో కాగితం మడత లేపి లోపలికి చూశాను. చూడగానే భయమేసి మూసేశాను. మా ఇళ్ళల్లో కవరు అంటించాలన్నా, పుస్తకానికి అట్ట వేయాలన్నా అన్నం మెతుకే జిగురు. మెతుకు నలిపి మడతకి రాసి, బొటనవేలితో నొక్కి, డబ్బా ఎక్కడిదక్కడ పెట్టేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

మైనం కాగితానికి మెతుకు అంటుకోదని నాకేం తెలుసు? ఆదివారం డబ్బా మూత తీసేసరికి చీమల బారు. ప్యాకెట్టు మడత నోరు తెరుచుకుని ఉంది, అంచున ఎండిన మెతుకు. మావయ్య దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అమ్మకి సంగతి అర్థమై అట్లకాడ అందుకుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. నేను ఏడుపు అందుకున్నాను. దెబ్బలకి కాదు. ఆయన అన్నాళ్ళు దాచుకున్నదాన్ని నేను పాడుచేశానని.

అప్పుడాయన చేసిన పని ఇప్పటికీ నా కళ్ళముందుంది. ప్యాకెట్టు పట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, లోపలికి చూపు పోకుండా చీమల్ని ఊదాడు. మడతని వేళ్ళతోనే తడుముతూ మూసి, కొవ్వొత్తి వెలిగించి దాని మీద మైనం బొట్లు వేశాడు. నేను వెక్కుతూ, "మావయ్యా, లోపల..." అనబోయాను. గ్రీజు వాసన వేసే అరచేత్తో నా నోరు మూశాడు.

"సెప్పకే గుంటా. నువ్వు సూసినావు, నాను సూడ్లేదు. ఆ కాళీలో మా అయ్య మొకం ఎట్టుకుని సూత్తాను. పొలం గట్టు దాటి ఎక్కడికీ ఎల్లనేదు ఆయన."

తర్వాత ఎప్పటిలాగే కార్డులు పేర్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఖాళీలోకి చూశాను. తలపాగా చుట్టుకున్న మా తాతయ్య కనిపించాడు, చంద్రుడి మీద, బురద అంటని బూట్లతో. అంత గొప్ప దృశ్యం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మావయ్య పోయాక డబ్బా నాకొచ్చింది. విప్పని పాత గమ్ము ప్యాకెట్ల కోసం ఎక్కడెక్కడివాళ్ళో వెతుక్కుంటున్నారని మా మనవడు చెబుతుంటాడు. ఇది ఒకసారి విప్పిందేరా అంటే, అయితే లోపలేముందో చెప్పమని పీక్కుతింటాడు. ఎదుటి మనిషి మూసి ఉంచుకున్నది తెలిసిపోయినా, తెలియనట్టు కాపాడడమే వాళ్ళకి మనమిచ్చే మర్యాద. ఆ సంగతి నాకు తొమ్మిదేళ్ళప్పుడే నేర్పాడు మా మావయ్య. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదు. మా అమ్మకి చెప్పలేదు, మనవడికీ చెప్పను. ఏమీ అనుకోకండి, మీకూ చెప్పను.