పెద్దమ్మ దిష్టి తీసిన రోజు

ఒంగోలులో మా ఎదురు ఫ్లాట్‌లోకి పోయిన నెల రాజస్థాన్ నుంచి ఒక కుటుంబం దిగింది. ఆయనకు చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనట. ఆవిడ గడప దాటి బయటికి రాదు. వాళ్ళ పాప మాత్రం రోజూ పొద్దున్నే దగ్గుతుంది, ఆగి ఆగి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గుతుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి వింటూ ఉంటాను. రెండుసార్లు వాళ్ళ బెల్లు దాకా వెళ్ళి కూడా నొక్కకుండానే వెనక్కి వచ్చేశాను. ముప్పయ్యేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఎదురింటివాళ్ళను పలకరించడానికి ఇంత బెరుకేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను గానీ, ఆ బెరుకు ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు.

అప్పట్లో మేము చీమకుర్తిలో ఉండేవాళ్ళం. మా నాన్న చర్చి బడిలో టీచరు, పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారాలు వాక్యం కూడా చెప్పేవాడు. నేను టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఖాళీగా ఉన్నాను. రాళ్ళు కోసే మిషన్లు బిగించడానికి ఇటలీ నుంచి ఒక ఇంజనీరు భార్యనూ నాలుగేళ్ళ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చి మా వీధిలోనే అద్దెకు దిగాడు. ఆయన భార్యకు తోడుగా ఇంగ్లీషు వచ్చిన ఆడపిల్ల కావాలని క్వారీవాళ్ళు మా నాన్నను అడిగితే నన్ను పంపించారు. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు నాకు వచ్చిన దానికన్నా అధ్వాన్నం. ఇద్దరం చేతులతో, కళ్ళతో, మధ్యమధ్యలో నవ్వులతో నెట్టుకొచ్చేవాళ్ళం.

పాపం, ఆవిడ పడ్డ పాట్లు ఒకటా రెండా! కారం లేకుండా కూర వండమని వంటమనిషికి చెబితే, ఆ తల్లి నాలుగు చెంచాలు వేసే చోట రెండు వేసి, ఇంతకన్నా చప్పగా మనిషన్నవాడు తినలేడని తేల్చి చెప్పేసేది. ఆవిడ వారం రోజులు పెరుగన్నంతో బతికింది. కరెంటు ఎప్పుడు పోతుందో, పంపులో నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలియక ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ఆ రాసుకున్నదేదీ మర్నాటికి పనికిరాక తల పట్టుకుని కూర్చునేది. అన్నిటికన్నా పెద్ద బాధ పాపది. ఆ పిల్లకు ఉబ్బసం. ఊపిరి ఆడనప్పుడు నోట్లో నొక్కే నీలం రంగు మందు పంపు ఒకటి ఎప్పుడూ తల్లి జేబులో ఉండేది. రాతి దుమ్ముకు భయపడి ఆవిడ తలుపులూ కిటికీలూ బిగించుకుని ఉండేది. ఎండాకాలం దాకా చూస్తానని, పాప ఇక్కడ ఇమడకపోతే దాన్ని తీసుకుని వెళ్ళిపోతానని, ఆయన ఒక్కడే ఇక్కడ ఉండిపోవాల్సి వస్తుందని నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళను ఎలాగైనా ఇక్కడ నిలబెట్టాలని నేను పంతం పట్టాను.

మన వీధుల సంగతి మీకు తెలియనిదేముంది! పగటిపూట తలుపు వేసుకుంటే పొగరని పేరు పెడతారు. ఆ మాట ఆవిడకు నెమ్మదిగా నచ్చజెప్పి, ఉదయం పూట తలుపు తీయించాను. తీయగానే వీధంతా లోపలికి వచ్చింది. ఒకరు మురుకులు, ఒకరు జామకాయలు తెచ్చారు. అందరికన్నా ముందు వచ్చింది ఎదురింటి పెద్దమ్మ. పిల్లల్లేని మనిషి, మిరపకోతలకు పోయి పోయి చేతులు కాయలు కాసిన మనిషి. పాపను చంకనేసుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పేది. పాప పెద్దమ్మ మెడ పట్టుకుని వేలాడేది. నెల తిరిగేసరికి ఇటలీ ఆవిడ నవ్వుతూ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఇదంతా నా ఘనతేనని నేను లోలోపల మురిసిపోయాను.

ఒకసారి పాపకు రెండు రోజులు జ్వరం వచ్చి అన్నం ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం, క్వారీల్లో పేలుళ్ళ వేళ కావడంతో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పెద్దమ్మ గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని గబగబా వచ్చింది.

"బంగారుబొమ్మ లాంటి పిల్లని ఊరంతా చూస్తిరి, దిష్టి తగలక ఏమవుద్ది? ఆమెకి చెప్పమ్మాయ్, రెండు నిమిషాల్లో తీసేస్తా" అంది.

మా ఇంట్లో దిష్టీ గిష్టీ నమ్మం. మా నాన్న ఒప్పుకోడు. ఇటలీ ఆవిడేమో ఏమిటిదని నా మొహం చూసింది. మిరపకాయలు కాలిస్తే ఎలా ఉంటుందో మిరప పండే ప్రకాశం జిల్లాలో పెరిగిన నాకు ఒకరు చెప్పాలా? కానీ పెద్దమ్మ చిన్నబుచ్చుకుంటుందేమోనని, కష్టపడి తెరిపించిన తలుపు మళ్ళీ మూసుకుపోతుందేమోనని, "ఇది దీవెన, చేయనివ్వండి" అన్నాను. నా మాట మీద ఆవిడ తలూపింది.

పెద్దమ్మ మూడుసార్లు పాప చుట్టూ తిప్పి, వాళ్ళింట్లో అయితే పెరట్లో కట్టెల పొయ్యిలో పడేసేదేగానీ, అక్కడ అది లేక వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద మూకుడు పెట్టి అందులో వేసింది. దిష్టి తగిలి ఉంటే ఘాటు రాదని మనవాళ్ళ నమ్మకం కదా. ఘాటు గుప్పుమని కొట్టగానే పెద్దమ్మ దగ్గుతూనే సంతోషంగా, "వస్తోందమ్మా, వస్తోంది! పిల్లకి ఏం దిష్టి లేదు!" అని కేక పెట్టింది.

అప్పటికే పాప పెదాలు నీలంగా మారాయి. ఆవిడ మందు పంపు నోట్లో పెట్టి ఎన్నిసార్లు నొక్కినా పిల్లకు ఊపిరి అందలేదు. క్వారీవాళ్ళ జీపులో ఒంగోలు ఆసుపత్రికి బయలుదేరాం. దారి పొడుగునా రాళ్ళ లారీలు, ఒకదాని వెనక ఒకటి, పక్కకు తప్పుకునే చోటే లేదు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను ప్రార్థన మొదలుపెట్టి, మాటలు మరిచిపోయి, మళ్ళీ మొదలుపెట్టాను. నాకు చేతనైంది అంతే.

దేవుడి దయ, పాప బతికింది. ఆసుపత్రి వరండాలో ఆవిడ నన్ను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మెల్లగా ఒక్క మాట అడిగింది. "అలా అవుతుందని నీకు తెలుసు కదా?" నేను తల వంచుకున్నాను. వారం తిరక్కుండా తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు. ఆయన కొన్నాళ్ళు ఒంటరిగా తలుపు వేసుకుని ఉండి, ఆ తర్వాత ఆయనా వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళిన సాయంత్రం పెద్దమ్మ మా అరుగు మీద కూలబడి, "నా వల్లేనా అమ్మాయ్?" అని అడిగింది. "కాదు పెద్దమ్మా, ఆ రాతి దుమ్ము" అన్నాను. ఆవిడ నమ్మింది. చనిపోయేదాకా ఆ క్వారీలను తిట్టిపోస్తూనే ఉంది.

ఇప్పుడు ఎవరి తలుపులు వాళ్ళవి. పక్కింటి బిడ్డకు దిష్టి తీయడానికి ఎవరూ రారు. ఏ బిడ్డకూ ఆ ముప్పు లేదు, మంచిదే. కానీ ఎదురింట్లో పిల్ల దగ్గుతుంటే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చే మనుషులూ లేరు. ఈ రోజు పొద్దున కూడా బెల్లు దాకా వెళ్ళాను. ఏం చేస్తే మేలో, ఏం చేస్తే కీడో తేల్చుకునేలోపు లోపల దగ్గు ఆగింది, నేను వచ్చేశాను.

తెలుసునమ్మా, తెలిసే ఊరుకున్నాను. ఈ ఒక్క మాట ఆ ఇటలీ ఆవిడకు చెప్పుకోవాలని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఎక్కడున్నదో తెలియదు.