బంగారి దొడ్డి తలుపు గీకింది

గుంటూరులో ఉండే మా బావ ఇచ్చిన గోల్డెన్ రిట్రీవర్ కుక్కపిల్ల మా ఇంటికొచ్చి నెలయింది. బంగారి అని పేరు పెట్టాం. ఇంట్లో ఎక్కడపడితే అక్కడ ఉచ్చ పోసేది, అమ్మ తిట్టుకుంటూ తుడిచేది. నేను పొద్దున లేవగానే ఒకసారి, పాలు తాగించగానే ఒకసారి దాన్ని దొడ్లోకి తీసుకెళ్ళి అలవాటు చేస్తూ వచ్చాను.

ఈ రోజు మధ్యాహ్నం మొదటిసారి తనంతట తానే వెళ్ళి దొడ్డి తలుపు గీకింది. "ఒరేయ్, నీ బంగారికి బుద్ధొచ్చిందిరా!" అంటూ అమ్మ సంబరంగా తలుపు తీసింది.

పొద్దున పత్తికి మందు కొట్టి వచ్చి, మందు కలిపిన బకెట్ కడక్కుండా దొడ్లో బావి దగ్గర వదిలేశాను. నేను వెళ్ళేసరికి బంగారి అడుగున మిగిలిన మందునీళ్ళు తాగుతోంది. పశువుల డాక్టరు వచ్చేలోపే నా ఒళ్ళో ప్రాణం వదిలింది.

దాన్ని పూడ్చి వచ్చాక అమ్మ గడప మీద కూలబడి, "ఇంట్లోనే పోస్తే ఏం పోయేదిరా? నేను తుడిచేదాన్నిగా" అంది.

ఆ బకెట్ కడగడానికి రెండు నిమిషాలు పట్టేది. మీ దొడ్లోనూ అలాంటిదుంటే నా మీద జాలి తర్వాత పడుదురుగాని, ముందు లేచి వెళ్ళి కడగండి.