మొండి ముక్కు తూటాలు

మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కూర్చుని రంగు పెన్సిళ్లు చెక్కుతుంటే లేచే ఆ చెక్కపొట్టు వాసనకి నేను ఉన్నపళంగా ఇప్పుడుంటున్న సెంగ్‌కాంగ్ వదిలేసి, చిన్నప్పుడు పెరిగిన యీషున్ వెళ్లిపోతాను. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఉండే వాసనే అది. నాకు మాత్రం ఆ వాసనతో పాటు మా అవ్వ, ఆవిడ గొంతు, ఆ గొంతులో ఒకే ఒక్కసారి నేను విన్న భయం, అన్నీ కలిసి వస్తాయి.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయన్న బెంగ పుణ్యమా అని నాన్నకి సింగపూర్‌లో ఉద్యోగం దొరికిన రోజులవి. మా బ్లాకు కింద గోడలు లేని ఖాళీ జాగాలో, వాయిడ్ డెక్‌లో, రబ్బరు బ్యాండ్లు ముడేసిన తాడు మీద నుంచి ఎగిరి దూకుతూ, బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచులతో అచ్చంగాయలు ఆడుతూ, నాలిక ఎర్రబడేదాకా రంగునీళ్లు పోసిన మంచు తురుము, ఐస్ కచాంగ్, తింటూ, వాన వస్తే ఆ వాన శబ్దానికి ఒకరి మాట ఒకరికి వినిపించక అరుచుకుంటూ పెరిగాం. ఆదివారం వచ్చిందంటే నాన్న స్నేహితులు దిగేవారు. వచ్చిన ప్రతి అంకులూ అమ్మ చేసిన గోంగూర పచ్చడి తింటూ షేర్ల గురించి మాట్లాడి, కొంత పచ్చడి డబ్బాలో పెట్టించుకుని మరీ వెళ్లేవాడు.

ఒక ఏడాది దసరాకి మదనపల్లె నుంచి అవ్వ వచ్చింది. అవ్వ అంటే అమ్మకి అమ్మ. దిగిన మర్నాడే మార్కెట్‌కి వెళ్లి, భాష రాకుండానే చైనా ముసలమ్మతో వంకాయల బేరం ఆడి గెలిచి వచ్చింది. కింద కాఫీ అంగట్లో అక్కడివాళ్లు కోపీ అనే కాఫీ తాగి, మా ఇంటి కాఫీ కంటే అదే నయమని అమ్మ ముందే చెప్పింది. నాన్న అటక మీద దాచుకున్న మానిటర్ల అట్టపెట్టెలు దింపించి, మెట్లుగా పేర్చి, పైన పట్టుచీర పరిచి, బొమ్మల కొలువుకి సిద్ధం చేసింది. కొలువు అంచున ప్లాస్టిక్ సింహాన్ని నిలబెట్టి దానికీ బొట్టు పెట్టింది.

ఇలాంటి అవ్వకి తుపాకుల గురించి తెలుసంటే మా అంకుల్స్ ఎవరూ నమ్మేవారు కాదు. ఆవిడ నాయనకి మదనపల్లెలో లైసెన్సున్న తుపాకుల అంగడి ఉండేదట. బడి నుంచి రాగానే గల్లా పక్కన స్టూలెక్కి కూర్చుని, నూనె గుడ్డతో గొట్టాలు తుడుస్తూ, వచ్చిన రైతులకి ఏ తుపాకీకి ఏ తూటా వెయ్యాలో చెప్పే మాటలన్నీ విని పెరిగింది. అంగడి మూతపడ్డాక ఒక్క రైఫిల్ మాత్రం ఇంట్లో మిగిలింది. పిడి దగ్గరున్న ఉంగరంలాంటి లివర్ని కిందికి లాగి పైకి కొడితే తూటా పేలే చోటికి ఎక్కే రకం అది. పంట కాపలాకని లైసెన్సు రాయించుకుని దాన్ని అవ్వ తమ్ముడు, మా చిన్నతాత, తన దగ్గరే ఉంచుకున్నాడు.

నవరాత్రులకి ముందురోజు సాయంత్రం, నాన్న ఫోన్ కార్డు గీకి నంబర్లు నొక్కి రిసీవర్ అవ్వకిచ్చాడు. స్పీకర్ పెట్టడంతో చిన్నతాత గొంతు ఇల్లంతా మోగింది.

"పందులు చెనక్కాయ చేను కుళ్లబొడిచి పారేస్తా ఉండాయక్కా. ఈసారి మంచి తూటాలు దొరికినాయిలే. పాత తూటా గుల్లలకే ఎవురో కొత్త మొనలు బిగించిచ్చినాడు. మొనలు సూదుల మాదిరి ఉండాయి, శానా దూరం పోతాయంట. రేపట్నించి చేను కాడనే ఉంటా."

అవ్వ ఒక్కసారిగా లేచి నిలబడింది. "ఒరే, ఆ తుపాకీలోకి మొన తూటాలు ఎక్కించొద్దురా! నాయన చెప్పినేది..." అనేలోపే కార్డులో డబ్బులైపోయి లైను తెగిపోయింది.

నాన్న కంగారుగా కిటికీలు మూశాడు. "అత్తయ్యా, ఈ దేశంలో ఫోన్లో తూటాలు, తుపాకులు అనకండి. చట్టాలు చాలా స్ట్రిక్టు."

"మరేమనాల నాయనా? వంకాయలందునా?" అంది అవ్వ. అన్నది హాస్యమే కానీ రిసీవర్ మాత్రం కింద పెట్టలేదు. నాన్న ఇంకో కార్డు కొనడానికి కిందికి పరిగెత్తాడు.

ఏమైందో నాకర్థం కాలేదు. అడిగితే అవ్వ నా పెన్సిళ్ల డబ్బా తెమ్మంది. అరిగిపోయిన పొట్టి ముక్కలు ఏరి, వాటి మొనలు సూదుల్లా చెక్కింది. బబుల్ టీ తాగే లావుపాటి గొట్టం ఒకటి కడిగి పెట్టింది. తన స్టిక్కర్ బొట్లు తీసి ఒక్కో పెన్సిల్ వెనక భాగాన ఒక్కోటి అంటించింది.

"పెన్సిల్‌కి బొట్టెందుకు లా?" అన్నాను, సింగపూర్ పిల్లల్లా మాట చివర 'లా' తగిలించి.

"తూటా ఎనకాల నడిమధ్యలో ఇట్టాంటి చిన్న బిళ్ల ఉంటాది. దానికి గట్టిగా దెబ్బ తగిలితేనే తూటా పేలేది. వేరే తుపాకుల్లో తూటాలు పక్కపక్కన పడుకుంటాయి. ఈ తుపాకీకి గొట్టం కింద ఇంకో గొట్టం ఉండాది. దాంట్లో తూటాలు వరసలో నిలబడిన పిల్లోళ్ల మాదిరి, ఒకదాని ఎనక ఒకటి ఉంటాయి. ఎనక దాని మొన ముందుదాని బిళ్లకి ఆనుకోనుంటాది."

పెన్సిళ్లని అలాగే గొట్టంలోకి ఒకదాని వెనక ఒకటి దూర్చి, గొట్టాన్ని బల్లకేసి టక్కున కొట్టింది. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నేది అలాగేనట. బయటికి తీసి చూస్తే బొట్ల నడుమ చిల్లులు పడ్డాయి. తర్వాత మొనలన్నీ నేలకేసి అరగదీసి, చదునుగా చేసి, కొత్త బొట్లు పెట్టి మళ్లీ కొట్టింది. ఈసారి బొట్లకి ఏమీ కాలేదు.

"అందుకేనమ్మా, దీనికి మొండి ముక్కు తూటాలే ఎయ్యాల. మొన ఉండేది ఏస్తే, ఒకటి పేల్చినప్పుడు లోపలుండేవి గూడా పేలినా పేలచ్చు. గొట్టం కిందనే కదా వాని ఎడమచెయ్యి ఉండేది. పైన వాని మొగము, కండ్లు." ఆ మాట దగ్గర అవ్వ గొంతులో భయం వినిపించింది. నాకూ భయం పట్టుకుంది.

కొత్త కార్డుతో మళ్లీ కలిపితే చిన్నతాత నవ్వేశాడు. "నువ్వా కాలంలోనే ఉండావక్కా. ఆడోళ్లకెందుకు ఈ యవ్వారం?" అన్నాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదాయన. అవ్వ తిట్టింది, బతిమాలింది, నాయన మీద ఒట్టు పెట్టింది. ఆయన దేన్నీ చెవిన వేసుకోలేదు. బొమ్మ గీసి ఫ్యాక్స్ చేద్దామన్నాడు నాన్న. ఆ ఊళ్లో ఫ్యాక్స్ ఎక్కడుందని అమ్మ కసిరింది.

అవ్వ చూపు కొలువు మెట్ల మీద, బొట్టు పెట్టిన సింహం మీద పడింది. తర్వాత, తమ్ముడు కాఫీకి బజారుకెళ్లే వేళ చూసి, మరదలికి, అంటే మా చిన్నవ్వకి, ఫోన్ చేయించింది.

"ఏమ్మే, రేపు పొద్దున్నే కలశం పెట్టేటప్పుడు ఆ తుపాకీని గూడా దేవుని గూట్లో పెట్టు. ఆయుధపూజ దాకా ఆగొద్దు. పసుపు, కుంకం పెట్టి పూలేసి, ముందర నిమ్మకాయ కొయ్యి. దశమినాడు పూజై కదిలించేదాకా ఎవురూ ముట్టగూడదని చెప్పు."

అవతల నుంచి చిన్నవ్వ కిలకిలా నవ్వింది. "సరే వదినా. దేవుని కాడుండేది ముట్టుకునే ధైర్యం మీ తమ్మునికి ఏడుండాది?"

నిజమే. బొట్టు పెట్టిన ట్రాక్టరుని కూడా పూజ అయ్యేదాకా కదపని మనిషి ఆయన. నవరాత్రులు మొదలయ్యాయి. మా ఇంట్లో రోజుకో రకం గుగ్గిళ్ల సుండలు, పులిహోర, చక్కెర పొంగలి. పేరంటానికి వచ్చిన ఆంటీలు కొలువులోని సింహాన్ని చూసి మురిసిపోయారు. అవ్వ అందరికీ తాంబూలం ఇస్తూనే ఒక చెవి ఫోన్ మీదే వేసి ఉంచింది. అటు పందులు మాత్రం చేను తింటూనే ఉన్నాయట. చిన్నతాత రేకు డబ్బాలు వాయిస్తూ వాటిని తరుముతున్నాడట. ఆ ముక్క విన్న రోజు అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

దశమి రోజు పొద్దున ఫోన్ మోగింది. మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునే చిన్నతాత తన డబ్బుతో తానే చేశాడు.

"అక్కా, టౌనుకి పోయి తుపాకుల అంగడాయన్ని అడిగినా. ఆ తుపాకీకి మొన తూటాలు ఎయ్యగూడదంట. ఎనక్కిచ్చేసినా. మొండి ముక్కువే తెచ్చుకున్నా." తనకి చెప్పింది అంగడాయనే అన్నట్టు మాట్లాడాడు. అక్క ఊసే ఎత్తలేదు.

"ఎవురు చెప్తే ఏమిరా," అంది అవ్వ. రిసీవర్ పెట్టేసి, చెంగుతో కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్లి పాయసానికి పాలు పెట్టింది.

ఇప్పుడు గీకి నంబర్లు నొక్కే కార్డుల్లేవు. యీషున్‌లో మా పాత బ్లాకు వాయిడ్ డెక్‌లో రబ్బరు తాడు దూకే పిల్లలు కనిపించడం లేదు. చెనక్కాయ చేను ఇళ్ల ప్లాట్లయింది. లైసెన్సు పొడిగించడం మానేసి చిన్నతాత ఆ రైఫిల్‌ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పేశాడు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. చిన్నవ్వ కూడా లేదు. మదనపల్లె నుంచి ఆదివారాలు వీడియోలో కనిపించేది చిన్నతాత ఒక్కడే. నడుం వంగింది, పళ్లు లేవు, చెవులు సగం పోయాయి.

పోయిన ఆదివారం మా అమ్మాయి ముందు పన్ను ఊడిందని నోరు తెరిచి ఫోన్‌కి దగ్గరగా పెట్టింది. "తాతా, కెన్ సీ ఆర్ నాట్?" అని అరిచింది. ఆయన ఫోన్‌ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో అద్దాలు తీసి పక్కన పెట్టాడు. "కనపడ్తా ఉండాది తల్లీ, శానా బాగా కనపడ్తా ఉండాది," అన్నాడు.